ఎకరం అదే, కాగితం వేరు: విశాఖ శివారు పొలాల్లో ఇళ్ల స్థలాలపై ఇన్ని మాటలెందుకు?

ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం, పెందుర్తి మండలాల్లో కొత్త లేఅవుట్ మాట వచ్చినప్పుడల్లా బయటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘ఊరు ఒప్పుకుందా, లేదా?’ ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. రోడ్డు పక్కన రెండెకరాల జిరాయితీ (సొంత పట్టా భూమి) ఉన్నాయన లేఅవుట్ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు. ఆ వెనకే ప్రభుత్వమిచ్చిన డీ-పట్టా భూమిలో జీడితోట పెంచుకున్న కుటుంబం భయపడుతుంది. ఆ జిరాయితీ మడిని కౌలుకు చేస్తున్నాయన్ని ఎవరూ అడగరు. చెరువు దిగువ రైతుకు ఎకరం కూడా పోదు గానీ, నీళ్లు ఎటు పోతాయో ఆయనకు తెలియాలి. నగరంలో అద్దెకుంటున్న కుటుంబానికి సొంత ఇంటి ఆశ ఆ లేఅవుట్‌లోనే ఉంది.

వీళ్లందరి మాటలనూ ‘అనుకూలం’, ‘వ్యతిరేకం’ అనే రెండు గంపల్లో పోస్తే అసలు సంగతి కనబడదు. ఎవరి చేతిలో ఏ కాగితం ఉంది, వాళ్ల పొలం నీటి దారిలో ఎక్కడుంది అన్న రెండు విషయాలే ఎక్కువగా వాళ్ల అభిప్రాయాన్ని నిర్ణయిస్తాయి. అందుకని ముందు కాగితాల సంగతి, తర్వాత నీళ్ల సంగతి చూద్దాం.

నగరం పొలాల మీదికే ఎందుకు వస్తోంది

విశాఖకు తూర్పున సముద్రం. మిగతా వైపులా సింహాచలం కొండలు, కైలాసగిరి, యారాడ కొండ. మధ్యలో పోర్టు, నౌకాదళం భూములు, దక్షిణాన ఉక్కు కర్మాగారం. సింహాచలం చుట్టూ ఉన్న పంచగ్రామాల్లో దేవస్థానం భూముల వివాదం దశాబ్దాలుగా తేలలేదు. ఇవన్నీ తీసేస్తే చదునైన నేల దొరికేది మూడు వైపులే: ఉత్తరాన మధురవాడ దాటి ఆనందపురం, తగరపువలస, పడమర పెందుర్తి, కొత్తవలస, సబ్బవరం, దక్షిణాన గాజువాక దాటి పరవాడ, అచ్యుతాపురం. ఆ చదును నేలలు శతాబ్దాలుగా చెరువుల కింద సాగవుతున్నవి. ఇల్లు కట్టడానికి పనికొచ్చే నేలా, వరి పండే నేలా ఒకటే కావడంలోనే గొడవకు మూలం ఉంది.

పైగా గత పదిహేనేళ్లలో ధరలను ఎగదోసినవి వరసగా వచ్చాయి. 2013లో భీమునిపట్నం, అనకాపల్లి విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిశాయి. 1978 నుంచి ఉన్న నగరాభివృద్ధి సంస్థ వుడా 2018లో వీఎంఆర్డీఏగా మారింది. అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా ఆరు వరసల రహదారి వచ్చింది. విజయనగరం జిల్లా భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన రావడంతో ఆనందపురం మండలం తర్లువాడ పేరు వార్తల్లోకి ఎక్కింది. ఇలాంటి ప్రకటన వచ్చిన ప్రతిసారీ చుట్టుపక్కల పొలం రేటు మారుతుంది. పంట ధర మాత్రం మారదు.

జిరాయితీ, డీ-పట్టా, బంజరు సాగు: మాటల అర్థాలు

జిరాయితీ అంటే సొంత పట్టా భూమి. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, పిల్లలకు పంచుకోవచ్చు. రెవెన్యూ భూమి రికార్డులైన అడంగల్‌లో, వన్-బీలో పేరు ఉంటుంది.

డీ-పట్టా అంటే భూమిలేని పేదలకు ప్రభుత్వం సాగుకు ఇచ్చిన భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం దీన్ని అమ్మకూడదు, కొనకూడదు. వారసత్వంగా సాగు చేసుకోవచ్చంతే. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటుంది కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ముట్టుకోడు. 2023లో చట్టం సవరించి, 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కులు ఇస్తామన్నారు. ఆ ముసుగులో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలతో 2024లో ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ఈ మధ్యకాలంలో ఎవరి కాగితం ఎక్కడ ఆగిందో తెలియక శివారు గ్రామాల్లో గందరగోళం ఏర్పడింది. ‘మాకు హక్కు వచ్చిందా, రాలేదా?’ అన్నది ఇప్పటికీ చాలా ఇళ్లలో వినిపించే ప్రశ్న.

బంజరు సాగు అంటే పట్టా కూడా లేకుండా ప్రభుత్వ భూమిని తరతరాలుగా చేసుకుంటున్నది. రికార్డులో ఆక్రమణ అని రాస్తారు. ఆ కుటుంబం దృష్టిలో అది తాత కొట్టిన పొదలు, తండ్రి నాటిన మామిడి.

ఇవి కాక కౌలు. కౌలుదారుకు సాగు ఉంటుంది, భూమి ఉండదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల కాలానికి కార్డు ఇస్తారు గానీ దానికి యజమాని సంతకం కావాలి. లేఅవుట్‌కు ఇవ్వాలనుకుంటున్న యజమాని ఆ సంతకం పెట్టడానికి వెనకాడతాడు.

ఇక లేఅవుట్ మాటలు. ఎకరమంటే 100 సెంట్లు, 4,840 గజాలు. సెంటు అంటే 48.4 గజాలు. పొలం కొనేటప్పుడు ఎకరాల్లో, సెంట్లలో బేరమాడతారు. ప్లాటు అమ్మేటప్పుడు గజాల్లో చెబుతారు. కొలత మారినప్పుడే ధర ఎన్ని రెట్లు పెరిగిందో చాలామంది రైతులు గమనించరు.

పదెకరాల పొలం ప్లాట్లుగా మారితే

ఒక ఉదాహరణ వేసుకుందాం. పదెకరాలంటే 48,400 గజాలు. 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం పదో వంతు, అంటే 4,840 గజాలు, పార్కులాంటి ఖాళీ స్థలంగా వదలాలి. లోపలి రోడ్లు 40 అడుగులుండాలని 2017లో పెట్టారు. రోడ్లకు స్థలం ఆకారాన్ని బట్టి పోతుంది, 30 శాతం అనుకుందాం: 14,520 గజాలు. మిగిలేది 29,040 గజాలు. 200 గజాల చొప్పున 145 ప్లాట్లు. వీటిలో 15 శాతం, దాదాపు 22 ప్లాట్లు, అనుమతి ఇచ్చే సంస్థ పేర తనఖా పెట్టాలి. రోడ్లు, కాలువలు, కరెంటు, నీళ్లు పూర్తిచేశాకే ఆ ప్లాట్లు విడుదలవుతాయి. ఖాళీ స్థలం, రోడ్లు పంచాయతీకో కార్పొరేషన్‌కో గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాసివ్వాలి.

500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు కూడా ఉండాలి. 2006 నాటి నాలా చట్టం ఉన్నన్నాళ్లూ సాగు భూమిని వేరే అవసరానికి మార్చాలంటే రెవెన్యూ అధికారుల దగ్గర విడిగా రుసుము కట్టి అనుమతి తెచ్చుకునేవారు. 2025లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. ఊళ్లలో ఇప్పటికీ ‘నాలా కట్టారా?’ అని అడుగుతూనే ఉన్నారు. రద్దును సమర్థించేవాళ్లు ఒక ఆఫీసు చుట్టూ తిరగడం తప్పిందంటారు. మరోవైపు, పొలం పొలంగా ఉన్నప్పుడే ఒకరు వచ్చి చూసే మెట్టు పోయిందన్నది ఆయకట్టు రైతుల బెంగ. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

భూమి చేతులు మారే మూడు దారులు

మొదటిది ప్రైవేటు బేరం. రైతు పూర్తిగా అమ్మేస్తాడు, లేదంటే డెవలపర్‌కు ఇచ్చి ప్లాట్లలో వాటా తీసుకుంటాడు. సగం సగం వాటా అనుకుంటే, పై లెక్క ప్రకారం ఎకరానికి 2,904 గజాల ప్లాట్లు తేలతాయి కాబట్టి రైతుకు 1,452 గజాలు. రోడ్డు పక్కన అయితే వాటా పెరుగుతుంది, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. ఇక్కడ దెబ్బతినేది ఎక్కువగా ఒప్పంద కాగితం దగ్గరే. రైతు బయానా తీసుకుని, తన తరఫున అన్నీ చేసే అధికారమిచ్చే జీపీఏ పత్రం రాసిచ్చేస్తాడు. పని ఎప్పటికి పూర్తి చేయాలో, ఆలస్యమైతే ఏమిటో ఆ కాగితంలో ఉండదు. ఏళ్లు గడిచినా పొలం దున్నడానికి లేదు, ప్లాటు చేతికి రాదు.

పన్ను సంగతి కూడా చాలామందికి అమ్మాకే తెలుస్తుంది. సాగు భూమి అమ్మితే ఆదాయపు పన్ను ఉండదన్న మాట ఊళ్లలో గట్టిగా పాతుకుపోయింది. నిజానికి పది లక్షల జనాభా దాటిన నగరపాలక సంస్థ హద్దు నుంచి నేరుగా కొలిస్తే 8 కిలోమీటర్ల లోపున్న పొలానికి ఆ మినహాయింపు వర్తించదు. 2011 లెక్కల్లోనే విశాఖ జనాభా 17 లక్షలు దాటింది. జీవీఎంసీ హద్దు అనకాపల్లి నుంచి భీమిలి దాకా సాగింది. శివారు మండలాల్లో చాలా పొలాలు ఆ 8 కిలోమీటర్ల లోపే ఉన్నాయి.

రెండోది భూసమీకరణ, అందరూ అనే మాటలో ల్యాండ్ పూలింగ్. ప్రభుత్వం డబ్బు ఇవ్వదు. భూమి తీసుకుని, లేఅవుట్ వేసి, అందులో కొంత తిరిగి ఇస్తుంది. 2020 జనవరిలో పేదల ఇళ్ల స్థలాల కోసం విశాఖ చుట్టూ పది మండలాల్లో 6,116 ఎకరాలకు పైగా సమీకరించాలని ఉత్తర్వు వచ్చింది. అందులో ఎకరానికి తిరిగి ఇస్తామన్నవి: డీ-పట్టా ఉంటే 900 గజాలు, పదేళ్లకు మించి ఆక్రమణ సాగులో ఉంటే 450 గజాలు, అయిదు నుంచి పదేళ్లయితే 250 గజాలు.

మూడోది భూసేకరణ. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 చట్టం ప్రకారం ప్రభుత్వం పరిహారం ఇచ్చి తీసుకుంటుంది. మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, ప్రభుత్వ మార్కెట్ విలువ వంటివి పోల్చి ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. గ్రామీణ ప్రాంతంలో దాన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన అంకెతో గుణిస్తారు. ఆపైన అంతే మొత్తం సొలేషియం (ఊరట సొమ్ము) కలుపుతారు. వినడానికి పెద్దగా ఉంటుంది. దస్తావేజులో 30 లక్షలుందనుకోండి, గుణకం 1.25 అనుకోండి. 37.5 లక్షలు, దానికి సొలేషియం మరో 37.5 లక్షలు, మొత్తం 75 లక్షలు. అదే ఎకరం బయట కోటి పలుకుతుంటే రైతు నష్టపోయినట్టే. స్టాంపు డ్యూటీ మిగుల్చుకోవడానికి ఏళ్ల తరబడి దస్తావేజుల్లో తక్కువ రాసుకున్న అలవాటు సేకరణ రోజున ఊరి మొత్తానికి ఎదురుతిరుగుతుంది.

900 గజాలు ఎక్కువా, తక్కువా

పూలింగ్ మీద వాదనలు ఎక్కువగా ఈ అంకె చుట్టూనే తిరుగుతాయి. 4,840లో 900 అంటే 18.6 శాతం. ‘అయిదో వంతు కూడా ఇవ్వరా?’ అన్నది ఒక మాట. ‘అమ్మడానికి వీల్లేని భూమికి అమ్ముకోగల ప్లాటు వస్తుంది కదా’ అన్నది దానికి జవాబు. రెండూ వాస్తవాలే. తేల్చేది ధర, దానికంటే ముఖ్యంగా కాలం.

ఊహా ధరలతో చూద్దాం. పొలం విలువ ఎకరం కోటి రూపాయలు అనుకుంటే, 900 గజాలు కోటి చేయాలంటే గజం 11,111 పలకాలి. ఇది ప్లాటు ఇవాళే చేతికొస్తే. అయిదేళ్లకు వస్తే? కోటి రూపాయలు ఏడు శాతం చక్రవడ్డీకి అయిదేళ్లలో కోటీ 40 లక్షలవుతుంది. అప్పుడు గజం దాదాపు 15,600 పలికితేనే సరి. పదేళ్లు పడితే 21,900 దాకా కావాలి. ఈ మధ్యలో పోయిన జీడి పంట, మామిడి కాపు ఈ లెక్కలో లేవు. రెండో ఏట ప్లాటు అందినవాడికి లాభంగా కనిపించిన అంకే పదేళ్లు ఎదురుచూసినవాడికి నష్టంగా కనిపిస్తుంది. ఒకే ఊళ్లో ఇద్దరు రైతులు పూలింగ్ గురించి ఎదురెదురు మాటలు చెబితే ఒకరు అబద్ధమాడుతున్నారని కాదు.

ఇక అవతలి పక్క లెక్క. అదే ఎకరంలో ప్లాట్లుగా తేలే 2,904 గజాల్లో రైతుకు 900 పోతే 2,004 మిగులుతాయి. సెంటు చొప్పున పంచితే 41 కుటుంబాలకు స్థలం. ఆచరణలో కొంత భాగం అభివృద్ధి ఖర్చు రాబట్టుకోవడానికి పోతుంది కాబట్టి అంతకంటే తగ్గుతుంది. అయినా ఒక కుటుంబం వదులుకున్న ఎకరంలో పదుల ఇళ్లు లేస్తాయన్నది చిన్న విషయం కాదు. 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో విశాఖ పేదలకు పట్టాల పంపిణీ మొదలైనప్పుడు లబ్ధిదారులు లక్షకు పైనే. వాళ్లలో చాలామంది నగరంలో అద్దె గదుల్లో ఉండేవాళ్లు.

నన్నడిగితే ఇక్కడున్న అన్యాయం వేరేచోట ఉంది. జిరాయితీ రైతుకు బేరంలో 1,452 గజాలు రాగల ఎకరానికి డీ-పట్టా రైతుకు 900, బంజరు సాగుదారుకు 450 లేదా 250. నేల ఒకటే, వాన ఒకటే, పంట ఒకటే. తేడా కాగితంలో ఉంది. డీ-పట్టాలున్నవాళ్లలో ఎక్కువమంది దళితులు, వెనకబడిన కులాలవాళ్లు. పేదలకు ఇళ్ల స్థలాలు ఇవ్వడానికి ముందుగా గుర్తుకొచ్చేది పేదలకు ఇచ్చిన భూమే ఎందుకన్న ప్రశ్న గ్రామసభల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రభుత్వం వైపు వివరణ సూటిగానే ఉంటుంది: అది ప్రభుత్వ భూమి, తిరిగి తీసుకునే షరతు పట్టాలోనే ఉంది, ప్రైవేటు భూమి కొనే స్తోమత లేదు.

సున్నా గజాల మనిషి

కౌలుదారుకు పై మూడు దారుల్లో రెండింట్లో ఏమీ రాదు. అమ్మకంలో ఆయన పేరు ఉండదు. పూలింగ్‌లో గజాలు కాగితం ఉన్నవాడికి, రికార్డుల్లోకెక్కిన సాగుదారుకు. 2013 భూసేకరణ చట్టం ఒక్కటే ఆయన్ని మనిషిగా లెక్కపెట్టింది. మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదార్లు, పాలికాపులు, వ్యవసాయ కూలీలు కూడా ఆ చట్టం దృష్టిలో ‘ప్రభావిత కుటుంబాలే’. అమరావతి సమీకరణలో భూమిలేనివాళ్లకు నెలకు 2,500 రూపాయల పింఛను ఇచ్చే ఏర్పాటు చేశారు. అంటే పూలింగ్‌లోనూ ఇది సాధ్యమే, ఎవరో తలచుకోవాలంతే.

ఆడవాళ్ల కూలి సంగతి ఇంకా కనబడదు. ఆనందపురం పూల మార్కెట్‌కు తెల్లవారకముందే చేరే పూలు, రైతుబజార్లకు వెళ్లే ఆనపకాయ, వంకాయ, బెండకాయ కోసేది ఎక్కువగా వాళ్లే. వరి యంత్రంతో కోసినా పువ్వు చేత్తోనే కోయాలి. ఎకరం పూలతోట లేఅవుట్ అయితే యజమానికి ప్లాటు వస్తుంది, కోసే చేతులకు పని పోతుంది. లేఅవుట్‌లో ఇళ్లు లేచాక ఇంటిపని దొరుకుతుందనే మాట నిజమే గానీ, పొలం ఆగిన రోజుకూ ఇల్లు లేచిన రోజుకూ మధ్య ఏళ్లుంటాయి.

నీటి దారి: ఎకరం పోని రైతు ఎందుకు అడ్డుపడతాడు

దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. వరిమడి గట్టు 15 సెంటీమీటర్ల ఎత్తుంటుందనుకుందాం. అందులో అయిదు సెంటీమీటర్ల నీళ్లు నిలిచి ఉన్నాయి. ఇంకో పది సెంటీమీటర్ల వాన పడినా మడి దాటి చుక్క బయటికి రాదు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. అంటే ఒక్క ఎకరం మడి 100 మిల్లీమీటర్ల వానలో దాదాపు నాలుగు లక్షల లీటర్లు పట్టి ఉంచుతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే ఎనభై. అదే ఎకరాన్ని కంకరతో ఎత్తు చేసి, రోడ్లు వేసి, ఇళ్లు కట్టాక ఆ వానలో 70 శాతం పారిపోతుందనుకున్నా 2.8 లక్షల లీటర్లు గంటల్లో కిందికి వస్తాయి. పదెకరాలకు 28 లక్షల లీటర్లు. ఆ నీళ్లు వెళ్లేది దిగువ రైతు మడిలోకి, పల్లంలో ఉన్న పాత ఊరి ఇళ్లలోకి. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ లాంటి తుపాను చూసిన ప్రాంతంలో ఇది కాగితం మీద లెక్క కాదు.

రెండో దెబ్బ కాలువ దగ్గర తగులుతుంది. కొండ మీంచి చెరువుకు, చెరువు తూము నుంచి మడులకు వెళ్లే వాగులను, గెడ్డలను లేఅవుట్ రోడ్డు అడ్డంగా దాటాలి. అక్కడ వంతెన కట్టే బదులు పైపు వేసి మట్టి కప్పేస్తారు. మూడు మీటర్ల వెడల్పు, మీటరు లోతున్న గెడ్డలో నీరు పారే జాగా మూడు చదరపు మీటర్లు. 600 మిల్లీమీటర్ల సిమెంటు పైపులో ఆ జాగా 0.28 చదరపు మీటర్లు. రెండు పైపులు పక్కపక్కన వేసినా అయిదో వంతు రాదు. మొదటి వానకే కొమ్మలు, పాలిథిన్ కవర్లు పైపు నోటికి అడ్డం పడతాయి. పై వైపు నీళ్లు నిలుస్తాయి, కింది వైపు చెరువు నిండదు. ఒకే పైపు వల్ల ఒక రైతుకు ముంపు, ఇంకో రైతుకు ఎండు. ఆ ఇద్దరిలో ఎవరి పొలమూ లేఅవుట్‌లో లేదు కాబట్టి, అనుమతి ఫైలులో వాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

ఇంకా ఒక మెలిక. ‘ఇళ్లొస్తే నీళ్లన్నీ తాగేస్తాయి’ అన్న వాదన తరచుగా వింటాం. లెక్క వేస్తే అది అంత సూటిగా నిలబడదు. 145 ఇళ్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే రోజుకు 78,300 లీటర్లు, ఏడాదికి 2.86 కోట్ల లీటర్లు. పదెకరాల వరికి ఒక్క పంటకే 1,200 మిల్లీమీటర్ల నీరనుకుంటే 4.86 కోట్ల లీటర్లు. ఇళ్లే తక్కువ వాడుతున్నాయి. కానీ వరి తాగేది వానాకాలంలో, చెరువు నీళ్లు. అందులో కొంత మళ్లీ నేలలోకి ఇంకుతుంది. ఇళ్లు తాగేది పన్నెండు నెలలూ, చాలాచోట్ల బోరు నీళ్లు. వాడినవి మురుగై బయటికి పోతాయి. మే నెలలో పక్క రైతు బోరు దిగిపోవడానికి కారణం ఎంత వాడారన్నది కాదు, ఎప్పుడు, ఎక్కడి నుంచి తోడారన్నది. భీమిలి తీరం దగ్గర అతిగా తోడితే ఉప్పు నీరు లోపలికి వస్తుంది. ఒకసారి వస్తే ఆ బోరు కొబ్బరికి కూడా కష్టం.

నగరానికీ ఇందులో సొంత ప్రయోజనం ఉంది. పెందుర్తి దగ్గరి మేఘాద్రిగెడ్డ, గోస్తనిపై తాటిపూడి, శారదా నదిపై రైవాడ, ఈ జలాశయాలు విశాఖకు తాగునీరు ఇస్తున్నవే. రైవాడ నీళ్లు సాగుకే ఇవ్వాలని అక్కడి రైతులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. మేఘాద్రిగెడ్డకు నీరు చేర్చే వాగుల మీద పైపులు వేసుకుంటూ పోతే, ఎండాకాలంలో కుళాయి దగ్గర ఆ సంగతి తెలిసేది నగరంలోని అపార్టుమెంటు వాసులకే.

ఇల్లు కావలసినవాళ్ల మాట

పొలాల పక్షాన మాట్లాడేటప్పుడు ఈ వైపు తరచుగా మరుగున పడుతుంది. కంచరపాలెంలోనో గాజువాకలోనో రెండు గదుల అద్దె ఇంట్లో పదిహేనేళ్లు గడిపిన మనిషికి నగరం లోపల స్థలం కొనడం జరిగే పని కాదు. శివారులో అనుమతి ఉన్న ప్లాట్లు తగ్గితే ధర పెరుగుతుంది. పెరిగినప్పుడు ఆయన కొనేది అనుమతి లేని లేఅవుట్‌లో. అక్కడ రోడ్డు 20 అడుగులు, పార్కు కాగితం మీదే, కాలువ ఉండదు. తర్వాత క్రమబద్ధీకరణ పథకం కింద మళ్లీ డబ్బు కట్టాలి. 2020లో ఒకసారి, 2025లో మరోసారి ఆ పథకం వచ్చింది. పొలాలను కాపాడాలన్న నియమం అమలు సగంలో ఆగిపోతే పొలమూ దక్కదు, మంచి లేఅవుటూ దక్కదు.

దూరం ఇంకో సమస్య. నగరంలో ఇంటిపని, భవన నిర్మాణం, చేపల అమ్మకం చేసుకునేవాళ్లకు పాతిక కిలోమీటర్ల దూరంలో సెంటు స్థలం వస్తే రోజుకు రాకపోకలకే మూడు గంటలు పోతాయి. ఇల్లు వచ్చినా నగరంలో అద్దె గది వదలలేని కుటుంబాలుంటాయి.

మరోవైపు ఇప్పటికే శివారు లేఅవుట్లలో స్థిరపడినవాళ్లు కొత్త లేఅవుట్లను వ్యతిరేకిస్తుంటారు. తాము వచ్చాక తలుపు మూస్తున్నారని వాళ్లను తప్పుపట్టడం తేలిక. వాళ్లు అడిగేది మాత్రం వినదగ్గదే: ముందు వేసిన వాటికి మంచినీటి పైపు, మురుగు కాలువ రాకుండా కొత్తవాటికి అనుమతి ఎలా ఇస్తారు?

ప్లాట్లుంటాయి, ఇళ్లుండవు

ఆనందపురం నుంచి భోగాపురం వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా ఆర్చీలు, రంగు వేసిన హద్దు రాళ్లు, వాటి మధ్య నిలువెత్తు వయ్యారిభామ, సర్కారు తుమ్మ కనిపిస్తాయి. ప్లాట్లు అమ్ముడైపోయాయి. కొన్నవాళ్లు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. వాళ్లు కొన్నది రేటు కోసం, ఇల్లు కోసం కాదు. అది చట్టవిరుద్ధం కాదు, మధ్యతరగతి పొదుపుకు భూమిని మించిన నమ్మకం లేదు కూడా. కానీ ఆ నేల ఇటు పంటకూ పోయింది, అటు ఇంటి కొరతకూ పనికిరాలేదు. పొలాన్ని ఇళ్లకు ఇవ్వాలా అన్న చర్చలో ఇద్దరూ ఓడిపోయే చోటు ఇదే. ఇక్కడ మాత్రం రైతు, అద్దె ఇంటివాడు ఒకే పక్షం.

పంచాయతీ కార్పొరేషన్‌లో కలిస్తే

లేఅవుట్లు పెరిగిన ఊరు ఏదో ఒక రోజు కార్పొరేషన్‌లో కలుస్తుంది. వీధి దీపాలు, చెత్త బండి వస్తాయని కొందరు కోరుకుంటారు. ఇంటి పన్ను పెరుగుతుందని మరికొందరి బాధ. గ్రామీణ ఉపాధి హామీ పని పంచాయతీల్లోనే ఉంటుంది కాబట్టి, విలీనమైన రోజున అది ఆగిపోతుంది. పొలం పని తగ్గిన చోటే ఉపాధి పని కూడా పోవడం కూలీ కుటుంబాలకు జంట దెబ్బ. గ్రామసభ కూడా ఉండదు.

అభ్యంతరం ఎక్కడ చెల్లుతుంది

ఊరి మాట లెక్కకొచ్చే సందర్భాలు కొన్నే. వీఎంఆర్డీఏ 2041 మాస్టర్ ప్లాన్ 2021లో ఆమోదం పొందింది. ముసాయిదా దశలో అభ్యంతరాలు తీసుకున్నారు. పటంలో సాగు జోన్‌గా ఉన్న సర్వే నంబరును నివాస జోన్‌గా మార్చాలంటే మళ్లీ ప్రకటన ఇచ్చి గడువు పెడతారు. అప్పుడు చెప్పకపోతే, లేఅవుట్ ఫైలు నడిచేటప్పుడు ‘మా ఊరికి వద్దు’ అనే అర్జీకి బలం ఉండదు, ఎందుకంటే జోన్ ప్రకారం అది అప్పటికే ఇళ్ల స్థలం. ఆ గడువు సంగతి పత్రికా ప్రకటనలో సర్వే నంబర్లతో వస్తుంది. పొలంలో ఉండే మనిషి దాన్ని చూడడు.

భూసేకరణలో అయితే దారి విశాలం. సామాజిక ప్రభావ అంచనా, గ్రామసభ, ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి 2013 చట్టంలోనే ఉన్నాయి, అయితే 2018 సవరణతో పేదల ఇళ్ల వంటి కొన్ని ప్రాజెక్టులకు రాష్ట్రం మినహాయింపులు ఇవ్వగలదు. రెండు పంటలు పండే నీటిపారుదల భూమిని వేరే దారి లేనప్పుడే తీసుకోవాలన్న నియమం కూడా ఉంది. పూలింగ్‌లో సమ్మతి ఒక్కొక్క రైతుది. అధికారులు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తీసుకుంటున్నప్పుడు, పక్కవాడు పెట్టేశాడని విన్న రైతు చేయి ఎంత స్వేచ్ఛగా కదులుతుందన్నది న్యాయమైన సందేహం.

ప్రైవేటు లేఅవుట్‌లో చివరి మెట్టు, పదెకరాల ఉదాహరణలో చూసిన ఆ 22 తనఖా ప్లాట్ల విడుదల. అప్పటికి రోడ్డు వేసి ఉంటుంది, కాలువ మీద పైపు పెట్టి ఉంటుంది, పని పూర్తయిందని డెవలపర్ అర్జీ పెడతాడు. గెడ్డ వెడల్పు గ్రామపటంలో ఎంతుంది, సర్వే కొలతల పుస్తకంలో ఎన్ని లింకులు (సర్వే గొలుసు కొలత) రాసి ఉంది, ఇప్పుడు ఎంత మిగిలింది అన్న మూడు అంకెలతో దిగువ రైతు ఆ సమయానికి రాసిచ్చిన కాగితం, ‘మాకు అన్యాయం జరుగుతోంది’ అన్న వంద సంతకాల కన్నా బరువుగా ఉంటుంది. పైపు తీసి కల్వర్టు కట్టేదాకా ప్లాట్లు విడుదల చేయకుండా ఆపే అధికారం ఆ ఒక్క మెట్టు దగ్గర అనుమతి ఇచ్చిన సంస్థ చేతిలోనే ఉంటుంది. ప్లాట్లు విడుదలై, రోడ్లు పంచాయతీకి గిఫ్ట్ డీడ్ అయ్యాక ఆ పైపు కూడా పంచాయతీదే అవుతుంది. దాన్ని మార్చే ఖర్చూ ఊరిదే.